ఉమ్ సిద్రా కోటలో ఒక వానపూట

కోట చూద్దామన్న ఆలోచన నాది కాదు, సత్తయ్యగారిది. దోహాలోని అబూ హమూర్‌లో నేను లైబ్రేరియన్‌గా పనిచేసే బడిలో ఆయన మేస్త్రీ. గోడ పెచ్చులూడినా, మెట్టు విరిగినా, ప్రిన్సిపాల్ గదిలో టైలు లేచినా ఆయన్నే పిలుస్తారు. జనవరిలో ఒకరోజు పుస్తకాల బీరువాల వెనక చెమ్మపట్టిన గోడ గీకుతూ, "మేడం, వచ్చే గురువారం నా ఫ్లైటు. ఇగ మళ్ళ రాను," అన్నారు. ఇరవై ఆరేళ్ళ గల్ఫు బతుకు ముగించుకుని జగిత్యాల పక్కన తన ఊరికి వెళ్ళిపోతున్నారు.

"పోయేలోపు ఏమైనా చూడాలనుందా? పెద్ద మాల్ ఏదైనా?" అని అడిగాను.

"మాల్ల ఏమున్నది మేడం. నేను పనిచేసిన కోట ఒకటున్నది, ఉత్తరాన సముద్రం పక్కన. దాన్ని ఒక్కసారి చూసిరావాలె."

నేను ఖతర్‌కొచ్చి తొమ్మిదేళ్ళు. బాపట్ల పిల్లను కాబట్టి సముద్రం కొత్త కాదు గానీ, సముద్రపు నీళ్ళ పక్కన కోట మాత్రం ఎప్పుడూ చూడలేదు. వెంటనే శనివారం నేనూ వస్తానన్నాను. మా ఆయనకు మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు, శనివారమూ డ్యూటీయే. "నువ్వెళ్ళిరా, ఫోటోలు చూపించు చాలు," అన్నాడు. ఆ మారుమూలకు బస్సు లేదు, కారు మాట్లాడాలి. నాకు నమ్మకమైన డ్రైవరు ఒక్కడే, ఖదీర్ భాయ్. బోధన్ మనిషి. మా వీధిలో సగంమందిని ఆఫీసులకు దింపేది ఆయనే. పెట్రోలుతో కలిపి రోజంతటికీ మూడొందల రియాళ్ళకు ఒప్పుకున్నాడు. నాతో ఎవరొస్తున్నారో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

శనివారం ఉదయం ఏడుంబావుకి అల్ దోహా అల్ జదీదాలో మా బిల్డింగు ముందు కారెక్కాను. సంచిలో పులిహోర, పెరుగన్నం, నాలుగు నీళ్ళ సీసాలు. "పిక్నిక్కా మేడం, పెళ్ళా?" అన్నాడు ఖదీర్ భాయ్. ఆయన నోరు ఊరుకోదు. యాభై దాటినా గడ్డానికి గోరింటాకు పెట్టుకుని కుర్రాడిలా ఉంటాడు. అబూ హమూర్ చేరేదాకా ఏవేవో జోకులేస్తూనే ఉన్నాడు.

బడి గేటు దగ్గర సత్తయ్యగారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు. కారు చూసి రెండడుగులు ముందుకేశారు. డ్రైవరు మొహం చూసి ఆగిపోయారు. ఖదీర్ భాయ్ నవ్వు కూడా ఆగిపోయింది.

"మేడం, మనతో వచ్చే మనిషి ఈయనేనా?" అన్నాడు నెమ్మదిగా.

"ఔను. మీకు తెలుసా?"

ఖదీర్ భాయ్ స్టీరింగ్ వైపు తిరిగిపోయాడు. సత్తయ్యగారు వెనక తలుపు తీసుకుని, ఆ మూలకు ఒదిగి కూర్చున్నారు.

ఊరు దాటి అల్ షమాల్ రోడ్డెక్కేసరికి ఎనిమిది దాటింది.  అప్పుడు ఖదీర్ భాయ్ అన్నాడు: "మేడం, వెనక కూసున్న సార్‌కు బెల్టు పెట్టుకోమని చెప్పండి. ఫైను నాకు పడ్తది."

సార్ ఆయనకు మూడడుగుల దూరంలో ఉన్నారు.

"పెట్టుకున్ననని చెప్పుండ్రి మేడం," అన్నారు సత్తయ్యగారు.

"పెట్టుకున్నారట," అన్నాను నేను.

"ఏసీ తక్కువ చెయ్యాల్నా, అడగండి."

"వద్దని చెప్పుండ్రి."

అలా ముప్ఫై కిలోమీటర్లు నేను దుబాసీ పని చేశాను. ఇద్దరూ తెలుగే మాట్లాడుతున్నారు. నేను తెలుగులోంచి తెలుగులోకి అనువదించాను.

ఎనిమిది నలభైకి పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఏలకుల వాసనతో ఘాటైన కరక్ చాయ్, చపాతీలో చుట్టిన గుడ్డు. నాకైతే ఖతర్ మొత్తంలో ఈ బంకు చాయ్ తర్వాతే ఏదైనా. సత్తయ్యగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే ఖదీర్ భాయ్‌ని పట్టుకున్నాను.

"ఏంటి మీ ఇద్దరి గొడవ?"

"ఛోడో మేడం," అన్నాడు గానీ, వదల్లేదు. అసలు ఆయన వడ్రంగి. బోధన్‌లో తాత నుంచి అదే పని. ఏడేళ్ళ కింద ఈ కోట బాగుచేసేటప్పుడు పైకప్పు కట్టెలు పేర్చింది ఆయన, వాటిమీద మట్టి పోసి పూసింది సత్తయ్య. క్యాంపులో ఒకే రూము, ఒకే గిన్నె. పని అయిన నెలకు వాన పడింది. కింది గదిలో కప్పు కారింది. "ఫోర్మన్ వచ్చి ఎవరి తప్పు అన్నడు. నేను ఏమీ అనలె. ఈ సారే అన్నడు, కట్టెలు కుంగినయి కావచ్చని. బస్, ఆ ఒక్క మాట. నన్ను కప్పు పని నుంచి తీసేసిన్రు. తర్వాత ఏ కంపెనీల అడిగినా, అరే, కోట కార్పించినోడు గదా అంటరు. అట్ల ఉలి పక్కన పెట్టి స్టీరింగ్ పట్టిన. సొంత తమ్ముని లెక్క చూసిన మేడం ఆయన్ని."

ఆయన పెట్రోలు కొట్టించుకోవడానికి వెళ్ళాక సత్తయ్యగారిని అడిగాను. ఆయన చాయ్ కప్పులోకి చూస్తూ చెప్పారు.

"నేను కావచ్చు అన్న మేడం. ఔ అనలే. నా మట్టి మంచిగనే ఉన్నదనుకున్న. కానీ ఏడేండ్ల సంది ఒకటే గుబులు. వాలు నేనే తప్పు పెట్టిన్నేమో అని. పనైపోయినంక మల్ల ఆ కప్పెక్కి చూసే మోక దొర్కలే. అందుకే పోతున్న. చూడకుండ ఇంటికి పోతే నాకు నిద్రపట్టది." కాస్త ఆగి, "ఖదీరు నాకు అన్నసొంటోడు," అన్నారు.

ఇద్దరి మాటలూ నా దగ్గరే ఉండిపోయాయి. వీటిని మాత్రం అనువదించే ధైర్యం నాకు లేకపోయింది.

షమాల్ రోడ్డు వదిలి ఎడమకు, జుబారా వైపు తిరిగాం. జుబారా కోట అందరికీ తెలిసిందే, బోర్డులుంటాయి, టూరిస్టు బస్సులుంటాయి. మేం అంతదూరం వెళ్ళకుండానే కుడివైపు మట్టిదారి పట్టాం. ఇక్కడ బోర్డు లేదు. వెళ్ళేవాళ్ళు ఒంటెల దొడ్డి దాటాక తుమ్మచెట్టు లాంటి చెట్టొకటి గుర్తు పెట్టుకోవాలి. మూడు కిలోమీటర్ల గతుకుల తర్వాత, పది కావడానికి అయిదు నిమిషాలుండగా కోట కనిపించింది.

ఉమ్ సిద్రా చిన్న కోట. నాలుగు మూలలా నాలుగు బురుజులు, మధ్యలో లేత ఇసుకరంగు గోడలు. వెనక సముద్రం లోపలికి పొడుచుకొచ్చి చెరువులా నిలిచిన నీళ్ళు. ఇక్కడ దీన్ని ఖోర్ అంటారు. నీళ్ళ అంచున మడచెట్లు, మడచెట్ల పక్కన ఒంటికాలి మీద గులాబిరంగు రాజహంసలు. కోట నీడ నీళ్ళలో వణుకుతోంది. ఆకాశం మబ్బుపట్టి ఉంది. ఖతర్‌లో మబ్బు పడితే అందరూ ఫోటోలు తీస్తారు, వాన పడుతుందని మాత్రం ఎవరూ నమ్మరు.

గుమ్మంలో చాప మీద ఒక ముసలాయన, పక్కన ఫ్లాస్కు. దారిలో కనిపించిన ఒంటెల దొడ్డి ఆయనదే, కోట తాళం కూడా ఆయన దగ్గరే. "అబూ సాలెం అనండి చాలు," అన్నాడు హిందీలో. నలభై ఏళ్ళుగా పనివాళ్ళతో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్న హిందీ అది. టికెట్ లేదు. చిన్న గిన్నెల్లో గహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పోసి, ఖర్జూరాలు పెట్టాకే లోపలికి వదిలాడు.

కోట చరిత్ర ఆయన నోటే విన్నాను. పునాదులు ఎన్ని వందల ఏళ్ళవో తవ్విచూసిన పెద్దలు కూడా తేల్చి చెప్పలేదట. ఒకరు కట్టారు, పడింది. దాని రాళ్ళతోనే ఇంకొకరు కట్టారు. అసలు కాపలా గోడలకు కాదు, బావికి. చుట్టుపక్కల తీపినీళ్ళున్న బావి ఇదొక్కటే. వేసవిలో మగవాళ్ళు ముత్యాల కోసం పడవల్లో నెలలకొద్దీ వెళ్ళిపోతే ఆడవాళ్ళు, పిల్లలు ఈ గోడల దగ్గరే గుడిసెలు వేసుకునేవారు. సముద్రం మీద తెలియని తెరచాప కనిపిస్తే అందరూ లోపలికి. "మా అమ్మమ్మ ఈ మూల గదిలోనే పుట్టింది," అని చూపించాడు. "చమురు దొరికాక అందరూ దోహా వెళ్ళిపోయారు. కోటలో ఒంటెలూ మేకలూ మిగిలాయి. చివరికి మేకలు కూడా భయపడి బయటే పడుకునేవి, కప్పు మీద పడుతుందని."

సత్తయ్యగారు గోడమీద అరచెయ్యి ఆనించి నడుస్తున్నారు. బడిలో నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఇక్కడ ఆగకుండా చెప్పుకుపోయారు: మేమొచ్చేనాటికి ఎవరో ఈ గోడలకు సిమెంటు పూసి ఉంచారు మేడం. సిమెంటు గట్టిదే గానీ గోడను ఊపిరి తీసుకోనియ్యదు. లోపలి ఉప్పు బయటికి రాక రాయినే తినేస్తుంది. రెండు నెలలు సుత్తెతో, ఉలితో ఆ సిమెంటు ఒలిచాం, పుండు మీద పక్కు తీసినట్టు. తర్వాత ఇక్కడి మట్టిలోనే గడ్డి కలిపి, వారాలకొద్దీ మురగబెట్టి, కాళ్ళతో తొక్కి పూశాం.

"మా అమ్మ ఇల్లు అలికినట్టే ఉండె. ఇంజనీరు సార్ పుస్తకం చూసి చెప్తుండె, నేను చేతితోని చూసి చెప్తుంటి. ఇద్దరియి ఒక్కటే వచ్చేది."

ఖదీర్ భాయ్ దూరంగానే ఉన్నాడు. కానీ కళ్ళు కప్పు మీదే. వరసగా పేర్చిన మడకర్ర దూలాలు, వాటిమీద వెదురు బద్దలు, ఆపైన చాప. ఒక్కో దూలాన్నీ లెక్కపెడుతున్నట్టు తల కదులుతోంది. "ఎంత బాగున్నాయి భాయ్!" అన్నాను. "ఊఁ," అన్నాడు. ఆ మనిషి ఒక్క అక్షరంతో సరిపెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

పదకొండున్నరకు, మేం కోట బయట తలోవైపు తిరుగుతుండగా, ఉరిమింది. నిజంగానే ఉరిమింది! నీళ్ళ దగ్గర ఫోటోలు తీసుకుంటున్న ఒక కుటుంబం పిల్లల్ని చంకనేసుకుని తమ బండిలోకి పరుగెత్తింది. ఎవరైనా పరుగెత్తేది బండిలోకే. మావాళ్ళిద్దరూ మాత్రం రెండు వైపుల నుంచీ కోటలోకి పరుగెత్తుకొచ్చారు. అప్పట్లో కారిన తూర్పు వైపు మూలగదిలోకి దూరి, చెరో గోడకూ ఆనుకుని, మెడలు పైకెత్తి నిలబడ్డారు. వెనకాలే నేనూ, అబూ సాలెం.

వాన దంచుతోంది.  నేను ఏ దేవుడికి ఏమని మొక్కాలో తెలియక తికమకపడ్డాను. కారితే ఒకరి తప్పు బయటపడుతుంది, కారకపోతే ఏదీ తేలదు.

పది నిమిషాలకు, ఉత్తరపు గోడ దగ్గర చాప రంగు మారింది. ఒక చుక్క వేలాడి, వేలాడి, నేలమీద పడింది. తర్వాత ఇంకోటి.

"ప్రతి ఏడూ ఇంతే," అన్నాడు అబూ సాలెం నింపాదిగా. "ఎవరో ఒకరు వస్తారు, లోపల మరక మీద పూత పూస్తారు, పోతారు."

"పైకెక్కి చూడలేదా ఎవరూ?" అన్నాను.

"ఇక్కడ వాన పడేది ఏడాదికి నాలుగు రోజులు. వానలో పైకెక్కేదెవరు?"

సత్తయ్యగారు అప్పటికే మెట్ల దగ్గరున్నారు. మెట్లకు అడ్డంగా తాడు, ఎక్కరాదని బోర్డు. ఆయన వెనక్కి తిరిగి ముసలాయన వైపు చూసి, చేతులు రెండూ జోడించారు. "బాబా, ఏక్ బార్. యే కామ్ మేరా హై," అన్నారు, ఈ పని తనదేనని.

అబూ సాలెం ఆయన్ని కాసేపు ఎగాదిగా చూశాడు. తాడు ముడి తనే విప్పి, "యల్లా, ఎక్కండి," అన్నాడు. "జారి పడితే నాకు చెప్పొద్దు."

ఆయన కిందే ఉన్నాడు, మేం ముగ్గురం ఎక్కాం. పిట్టగోడ పక్కన కప్పు మీద అడుగు వెడల్పున నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. మిగతా కప్పంతా శుభ్రంగా వాలి, నీళ్ళు బిరబిరా వచ్చి ఆ మూలకు చేరుతున్నాయి. వాటిని బయటికి పోసే చెక్క తూము అక్కడే ఉంది. కానీ తూములోంచి దారం లావు నీళ్ళే పోతున్నాయి. సత్తయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమారు. ముందు ఇసుక తీశారు, పావురం ఈకలు తీశారు. నీళ్ళు కదల్లేదు. మళ్ళీ తడిమారు. ఈసారి చెయ్యి ఒకచోట ఆగిపోయింది.

తూము నోటి దగ్గర మట్టిపూత రెండు వేళ్ళ ఎత్తున గుండ్రంగా, నున్నగా, కడవ అంచులా తిరిగి ఉంది. నీళ్ళకు అదే కట్ట.

ఆయన ఆ అంచు వెంట వేలు పోనిచ్చారు. వాన వీపు మీద కొడుతోంది.

"ఆఖరి దినం చేసిన ఇది," అన్నారు. నాతో కాదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. "అంచు మొండిగ కనవడ్తున్నదని, సోకు కోసం గుండ్రంగ తిప్పిన. నేనే తిప్పిన. ఖదీరన్నా, నీ కట్టెల తప్పేం లేదు. తప్పు నాదే. ఆనాడు నీ మీదికి పోతుంటె నేను నోరు మూసుకున్న."

ఏడేళ్ళలో ఆయన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారేమో.   ఖదీర్ భాయ్ గిరుక్కున తిరిగి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద వాకిట్లో అడుగుల చప్పుడు, తర్వాత కారు తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

వెళ్ళిపోతున్నాడు కాబోలు అనుకున్నాను. వదిలేసి పోయినా ఆయన్ని తప్పుపట్టలేం. ఒక్క మాటతో ఒక మనిషి చేతిలోంచి తాత ఇచ్చిన పని పోయింది. సత్తయ్యగారు గోళ్ళతో ఆ అంచును గీకుతున్నారు. ఏడేళ్ళ మట్టి రాయిలా ఉంది. వేలు చీరుకుని రక్తం వస్తున్నా ఆపటం లేదు. "ఆగండి," అన్నాను. వినలేదు.

అప్పుడు మెట్ల మీద మళ్ళీ అడుగులు. ఖదీర్ భాయ్ తడిసి ముద్దయి పైకొచ్చాడు. చేతిలో పెద్ద స్క్రూడ్రైవరు, జాకీ కడ్డీ.

"గోర్లతోని గీకితే వస్తదా? మేస్త్రీవా, పిల్లివా?" అని కసిరాడు. "జరుగు. నువ్వు వట్టు, నేను కొడ్త."

ఒకరు పట్టుకున్నారు, ఇంకొకరు కొట్టారు. ఎంత లోతు తియ్యాలో సత్తయ్యగారు వేలితో చూపిస్తే, తూము చెక్కకు దెబ్బ తగలకుండా ఖదీర్ భాయ్ చిన్న చిన్నగా కొట్టాడు. "జర ఇటు." "ఇంక చాలు." "చాలదు, ఇంకో దెబ్బ." నాలుగో నిమిషంలో ఆ అంచు ముక్క ఊడివచ్చింది. మడుగంతా ఒక్కసారి కదిలి తూములోకి దూకింది. కోట గోడకు దూరంగా, వంపు తిరిగి, చిక్కటి చాయ్ రంగు ధార ఖోర్ వైపు పడింది. కింద అబూ సాలెం అరబ్బీలో ఏదో కేకపెట్టాడు. తర్వాత హిందీలో, "ఆగింది! లోపల ఆగింది!"

ఖదీర్ భాయ్ జాకీ కడ్డీ కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. వానలో అది దేన్ని తుడుచుకోవడమో నేనడగలేదు.

"ఏడేండ్లు సత్తయ్యా," అన్నాడు. "ఏడేండ్లు నువ్వు ఒక్కసారన్న ఫోన్ చెయ్యకపోతివి."

"ముఖం లేకుండె అన్నా."

"ముఖం నాకెందుకు, ఫోన్ల ముఖం కనవడ్తదా?" అని, ఆయన వేలి రక్తం చూసి, జేబురుమాలు తీసి గట్టిగా కట్టాడు. అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే కట్టినట్టుంది, సత్తయ్యగారు "అబ్బా" అన్నారు.

ఒంటిగంటకు వాన వెలిసింది. మూలగదిలోనే చాప పరుచుకుని పులిహోర, పెరుగన్నం పంచుకున్నాం. అబూ సాలెం పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకుని, ఇది ఏ పెళ్ళి వంట అన్నాడు. తూము దగ్గర తీసినచోట సన్నగా కొత్త మట్టి పూయాలని సత్తయ్యగారు చెబితే, ముసలాయన రేపే పై అధికారులకు ఫోన్ చేస్తాననీ, ఈసారి లోపల పూత పూయనివ్వననీ మాటిచ్చాడు.

రెండున్నరకు బయల్దేరాం. మట్టిదారిలో గుంటలన్నీ నీళ్ళు. నేను వెనక సీట్లోకి మారాను, ఎందుకంటే ముందు సీట్లో సత్తయ్యగారు కూర్చున్నారు. ఖదీర్ భాయ్ కూర్చోబెట్టాడనాలి. ఇప్పుడిక నాకు అనువాదం పని లేదు, ఇంకే పనీ లేదు. క్యాంపులో మాడిపోయిన పప్పు, ఒకరి చెప్పులు ఒకరేసుకుని డ్యూటీకి పోయిన రోజు, కేరళ వంటమనిషిని ఏడిపించడం, అన్నీ ఒకదాని మీదొకటి తోసుకుంటూ వస్తున్నాయి. అల్ షమాల్ రోడ్డుకు రెండువైపులా ఎడారి తడిసి గోధుమరంగుకు తిరిగింది. జనం బండ్లాపి, చెప్పులు విప్పి, ఆ తడిలో నడుస్తున్నారు.

"ఊర్లె ఏం చేస్తవ్?" అని ఖదీర్ భాయ్ అడిగాడు.

"ఇల్లు పాతదైంది. కప్పు మార్చాలె. ఇనుప సలాక, సిమెంటు వెయ్యమంటున్నడు మా అల్లుడు."

"కట్టెతోని వెయ్యి. మార్చిల నేను లీవ్ మీద బోధన్ వస్తున్న. నేను పేరుస్త, నువ్వు పుయ్యి."

"ఎంత తీస్కుంటవ్?"

"నీ దగ్గర ఏమున్నదని తీస్కోవాలె? అంచు మాత్రం గుండ్రంగ తిప్పకు."

సత్తయ్యగారు కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వారు. భుజాలు కదలడం నాకు వెనక నుంచి కనిపించింది.

ఉమ్ సిద్రాకు ఎవరైనా వెళ్ళాలనుకుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి, అబూ సాలెం గహ్వా కాదనకండి. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు బురుజులు, ఒక బావి, కాసిన్ని నీళ్ళు. పాత కోటను బాగుచేయడమంటే దాన్ని కొత్తగా కనిపించేలా చేయడమని నేను అంతకుముందు అనుకునేదాన్ని. లోపల మరక మీద పూత వేస్తే కొత్తగా కనిపించడానికేం, ఏటా కనిపిస్తూనే ఉంది. ఎవరో ఒకరు వానలో తడుస్తూ పైకెక్కి, నీళ్ళు ఎక్కడ ఆగాయో చెయ్యిపెట్టి చూడాలి.

దోహా పొలిమేరల్లో లుసైల్ మేడలు కనిపించేవేళకు మా ఆయన ఫోన్ చేశాడు. "ఎలా ఉంది కోట? వాన పడిందట గదా, తడిశావా?"

"తడిశాను. కోట గట్టిగా ఉంది," అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను గానీ, ముందు సీట్లలో ఇద్దరూ కలిసి అంత గట్టిగా నవ్వుతుంటే నా మాట నాకే వినపడలేదు.